సెలవు పెట్టి పడుకున్నా తీరని అలసట... దీన్నుంచి బయటపడ్డవాళ్ళు ఉన్నారా?

పటమట_ఫిజిక్స్
విజయవాడలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పొద్దున్న ఆరున్నరకల్లా బండి తీయాలి, స్టడీ అవర్లు ముగించుకుని ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఆదివారం వీకెండ్ టెస్టుకి ఇన్విజిలేషన్, ఆ పేపర్లు సోమవారం పొద్దుటికల్లా దిద్ది మార్కులు ఎక్కించాలి. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోతే ఊపిరి పీల్చుకోవచ్చనుకుంటే ఏప్రిల్‌లో జేఈఈ, అది అవగానే ఎంసెట్ బ్యాచ్ (పేరు మార్చి ఈఏపీసెట్ అన్నారు గానీ మా నోటికి ఇంకా ఎంసెట్టే), వీటన్నిటి మధ్యలో అడ్మిషన్ల టార్గెట్. అంటే పాఠాలు చెప్పి గొంతు పోయాక మిట్టమధ్యాహ్నం ఎండలో టెన్త్ రాసిన పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ తిరగాలి.

ఇవన్నీ ఏళ్ళుగా చేస్తున్నవే. ఇప్పుడొచ్చిన తేడా ఏంటంటే, పడుకున్నా తీరట్లేదు. ఉగాదికి సెలవిస్తే వంట కూడా చెయ్యకుండా పడుకున్నా, లేచేసరికి పడుకునే ముందు ఎంత నీరసంగా ఉన్నానో అంతే నీరసం. పేపర్లు దిద్దుతుంటే ఎర్రపెన్ను ఒకే లైను మీద ఆగిపోతుంది, ఆ పిల్లాడు సైన్ తీటా రాశాడా కాస్ తీటా రాశాడా అని ఎన్నిసార్లు చూసినా బుర్రకెక్కదు. అన్నిటికంటే భయమేసింది ఎప్పుడంటే, పిల్లలు డౌట్ అడగడానికి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడితే నాకు ఒళ్ళు మండుతోంది. వాళ్ళేం చేశారు పాపం. అసలు నేను ఈ ఉద్యోగంలోకి వచ్చిందే ఆ డౌట్లు చెప్పడం ఇష్టమై.

ఇంట్లో చెప్తే "అందరూ చేసేదేగా" అంటున్నారు. ఇది బద్ధకమా, జబ్బా? ఉద్యోగం మానెయ్యమని మాత్రం చెప్పకండి, ఇంటి లోను నడుస్తోంది.

బెంజ్‌సర్కిల్_బాధితుడు
సిగ్నల్ దగ్గర కళ్ళు మూసుకుని, వెనకవాడు హారన్ కొడితే లేచే బ్యాచ్ మాది. మీరూ వచ్చి చేరారన్నమాట.

లెడ్జర్_బాబాయ్
మేము గవర్నర్‌పేట బ్రాంచిలో పనిచేసే రోజుల్లో కంప్యూటర్లు లేవు, పైసా తేడా వచ్చినా టాలీ అయ్యేదాకా ఎవరూ కుర్చీ దిగేది లేదు. మార్చి 31, సెప్టెంబర్ 30 వచ్చాయంటే ఇంటికి వెళ్ళేది తెల్లారుజామునే. అలసట ఎవరికి లేదమ్మా? ఇప్పటివాళ్ళు దాని గురించి ఆలోచించడం ఎక్కువైంది. పొద్దున్నే లేచి నాలుగు అడుగులు నడవండి, అదే పోతుంది.

వన్‌టౌన్_చీరలకొట్టు
ఆవిడ ఆరున్నరకి బండి తీస్తోంది బాబాయ్, ఇంకెన్నింటికి లేచి నడవమంటారు?

రాత్రిడ్యూటీ_గుంటూరు
నేను నర్సుని. మేడమ్ చెప్పింది చదివితే నా సంగతే రాసినట్టుంది. మాకు దీని గుర్తు ఇంకోలా ఉంటుంది, పేషెంట్ బెల్ కొడితే లేవాలనిపించదు, లేచినా మొహంలో నవ్వు రాదు. పని మీద కోపం రాదు, మనుషుల మీద వస్తుంది. అది మొదలైందంటే మామూలు నిద్ర చాలని దశకి వచ్చినట్టే. బద్ధకం ఉన్నవాళ్ళకి "ఇది బద్ధకమేమో" అనే బాధ ఉండదులెండి.

అమెరికా_టైమ్
దీన్నే బర్నవుట్ అంటారు. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్ళని చూసి రాశాడు, వాళ్ళూ మీలాగే మనుషులకి సాయం చేసే పనిలో ఉన్నవాళ్ళే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణ జాబితాలో దీన్ని ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా పెట్టింది, జబ్బుగా కాదు. ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విరక్తి, చేసేది సరిగ్గా చెయ్యలేకపోతున్నామనిపించడం, ఈ మూడూ దాని లక్షణాలు. మీ పోస్టులో మూడూ ఉన్నాయి.

నిప్పులాంటి_నిజం
ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకి వచ్చే ఖరీదైన జబ్బు. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకి బర్నవుట్ రాదా? వాడు ఏ సైకాలజిస్టు దగ్గరికి పోవాలి?

పటమట_ఫిజిక్స్
మా క్లాస్‌రూముల్లో ఏసీ ఉందని ఎవరు చెప్పారండీ, ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే గొప్ప.

యార్డు_గుమస్తా
నిజంగారూ, హమాలీల పేరెత్తారు కాబట్టి చెప్తున్నా, నేను గుంటూరు యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తాని. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు పగలూ రాత్రీ తేడా ఉండదు. రాత్రంతా బండ్లు దిగుతాయి, తెల్లారేసరికి టిక్కీలు (మిర్చి బస్తాలు) వరసగా పేర్చి ఉండాలి, బేరాలు, కాటాలు, పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) రాయడం, రైతుకి సమాధానం చెప్పడం. తేజ రకం బస్తా కోస్తే ఆ ఘాటుకి తుమ్ముతూనే లెక్క రాయాలి. సీజన్ చివరికి వచ్చేసరికి నాకు 7కీ 1కీ తేడా కనపడదు.

హమాలీల సంగతి: వాళ్ళు ముఠాలుగా పనిచేస్తారు, కూలి కలిపి పంచుకుంటారు. ఒకడు "ఈ రోజు ఒళ్ళు రావట్లేదురా" అన్నాడంటే ఎవరూ వాణ్ని బద్ధకస్తుడనరు, మిగతావాళ్ళు సర్దుకుంటారు, రేపు ఇంకొకడికి వీడు సర్దుతాడు. కూలి పోయినా పరువు పోదు. మన చదువుకున్న ఉద్యోగాల్లో అదే లేదు, ఒంట్లో బాగాలేదంటే ముందు మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. వాళ్ళకి రాదని కాదు, వస్తే ఒప్పుకోవడానికి చోటుంది.

నిప్పులాంటి_నిజం
ఆ కూలి పోయిన రోజు పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా చెప్పండి మరి.

యార్డు_గుమస్తా
అప్పు చేస్తే వెలుగుతుంది. అది లేదని నేనన్నానా?

డాక్టరమ్మ_బ్రాడీపేట
గుంటూరులో జనరల్ ప్రాక్టీస్ చేస్తాను. అందరూ మనసు, ఉద్యోగం అంటున్నారు, ఒక మెట్టు వెనక్కి రండి. ముందు రక్తం. నా దగ్గరికి "నీరసం డాక్టరుగారూ" అంటూ వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి రక్తహీనత ఉంటుంది. ఇది నా ఒక్కదాని మాట కాదు, 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 57 శాతం మందికి ఉన్నట్టు తేలింది. కాబట్టి పటమట మేడమ్, బర్నవుట్ అని పేరు పెట్టుకుని కూర్చునే ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగరు, బీ12, డీ విటమిన్ చూపించుకోండి. నెలసరి ఎక్కువగా అవుతుంటే అది కూడా డాక్టరుకి చెప్పండి, చాలామంది అది చెప్పరు. ఇంట్లో వాళ్ళు మీరు గట్టిగా గురక పెడుతున్నారని, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉందని అంటే అది వేరే పరీక్ష. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం ఉంటే మాత్రం ఇక్కడ పోస్టులు చదువుతూ కూర్చోకుండా వెంటనే వెళ్ళండి.

ఇంకొకటి. అలసటకీ డిప్రెషన్‌కీ గీత సన్నగా ఉంటుంది. సెలవు రోజున మీకు ఇష్టమైన పని చేస్తే కాస్తయినా బాగుంటోందా? బాగుంటే ఒక దారి. రెండు వారాలకి పైగా ఏదీ రుచించకపోతే, ఇష్టమైనవాళ్ళొచ్చినా లేచి కూర్చోవాలనిపించకపోతే, మానసిక వైద్యుణ్ణి కలవాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కృష్ణలంక_కోడలు
డాక్టరుగారూ, రక్తం సంగతి సరే, ఆ రక్తం ఎక్కడికి పోతోందో నేను చెప్తా. పటమట మేడమ్ రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చాక ఏం చేస్తోందో ఎవరూ అడగలేదు. గిన్నెలు ఎవరు కడుగుతున్నారు? పొద్దున్న బాక్సులు ఎవరు కడుతున్నారు? 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే చూడండి, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ "చేసే మగవాళ్ళు" కూడా నూటికి 26 మందే.

నేను ఉద్యోగం చెయ్యను, కాబట్టి నాకు అలసటే ఉండదని మా ఇంట్లో గట్టి నమ్మకం. అత్తగారికి పక్షవాతం. రాత్రి లేపి మందులివ్వాలి, ఒత్తిగిలి పడుకోబెట్టాలి, పక్క మార్చాలి. ఆదివారం అనేది క్యాలెండర్‌లో ఎర్రంకె తప్ప ఇంకేం కాదు నాకు.

బెంజ్‌సర్కిల్_బాధితుడు
ఆ 26లో నేనున్నానక్కా, కూరగాయలు నేనే తెస్తా.

కృష్ణలంక_కోడలు
తెచ్చి గట్టు మీద పడేసి వెళ్ళిపోతావా, కోసి కూడా ఇస్తావా?

బెంజ్‌సర్కిల్_బాధితుడు
(ఈ సభ్యుడు ప్రస్తుతం అందుబాటులో లేడు)

పటమట_ఫిజిక్స్
కోడలుగారు అడిగినదానికి జవాబు, గిన్నెలు నేనే. మావారు మంచివారే, అడిగితే చేస్తారు. కానీ ఏది చెయ్యాలో చూసి, గుర్తుపెట్టుకుని, అడిగే పని కూడా నాదే. దానికి కూడా ఓపిక ఉండట్లేదు.

ఆటోనగర్_అన్న
మేడమ్, నేను లారీల పని చేస్తా, మా భాషలో చెప్తా. ఓవర్‌లోడు వేసి వేసి కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) విరిగితే బండి షెడ్డుకొస్తుంది. లోడు దించకుండా కట్టలు మార్చమంటే ఏ మెకానిక్కూ మార్చలేడు. ముందు దించాలి. మీరు లోడు అలాగే ఉంచి ఆదివారం పడుకుంటే సరిపోతుందనుకుంటున్నారు. ఏది దించగలరో చూసుకోండి. అన్నీ కాదు, ఒక్కటి దించినా చాలు మొదట.

పటమట_ఫిజిక్స్
ఏది దించాలి అన్నా? ఏది ముట్టుకున్నా జీతం పోతుందనే భయం. మా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

మోడరేటర్
కాలేజీ పేరు రాయొద్దు, ఊహించి కూడా రాయొద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

వన్‌టౌన్_చీరలకొట్టు
ఫ్యాక్టరీ చట్టం ప్రకారం వారానికి 48 గంటలే ఉండేది కదా?

నిప్పులాంటి_నిజం
1948 నాటి ఆ చట్టం ఉన్నప్పుడు కూడా ఫ్యాక్టరీకే తమ్ముడూ, కాలేజీకి కాదు, 2025 నవంబర్‌లో దాని బదులు లేబర్ కోడ్ వచ్చింది. పైగా 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజుకి 9 గంటల పరిమితిని 10కి పెంచడానికి ఒప్పుకుంది. నువ్వు 48 పట్టుకుని కూర్చో.

అమెరికా_టైమ్
నా అనుభవం చెప్తా, ఎందుకంటే నేను అందరూ కలలుగనే పని చేశా, ఉద్యోగం మానేసి కూర్చున్నా. తాడేపల్లిలో ఇల్లు, సాయంత్రం లాగిన్ అయితే తెల్లారుజామున లాగవుట్. ఒక స్టేజిలో కళ్ళ ముందు కోడ్ కదలడం మొదలైంది, రాజీనామా ఇచ్చేశా. మొదటి నెల మంచం, ఫోను, మంచం. రీల్స్ చూసి చూసి ఇంకా నీరసం వచ్చింది. విశ్రాంతి అనుకున్నది విశ్రాంతి కాదని అప్పుడు తెలిసింది, బుర్ర మాత్రం ఆఫీసులోనే ఉంది, ఎవడో ఏదో మెయిల్ పెట్టి ఉంటాడని. సబీన్ సోనెన్‌టాగ్ అనే జర్మన్ సైకాలజిస్ట్ ఇంకొకావిడతో కలిసి 2007లో దీని మీద రాసింది. తేరుకోవడానికి నాలుగు కావాలంటుంది. మనసు పని నుంచి పూర్తిగా బయటికి రావడం, ఒంటికి సేద తీరడం, పనికి సంబంధం లేనిది ఏదైనా కొత్తగా నేర్చుకోవడం, ఖాళీ టైమ్ మన చేతిలో ఉండడం. నాకు మూడోది పనిచేసింది. పక్కింటి తాతగారి దగ్గర హార్మోనియం. సరళీ స్వరాల దగ్గరే ఉన్నా ఇంకా, మా ఆవిడ తలుపులేసుకుంటుంది. కానీ ఆ అరగంట ఏ క్లయింటూ గుర్తుకు రాడు.

లెడ్జర్_బాబాయ్
అమెరికా బాబు చెప్పింది చదివాక ఒకటి తోచింది. మేము రాత్రి పదింటిదాకా కూర్చున్నాం నిజమే, కానీ లెడ్జర్లు బ్యాంకులో ఉండేవి. షట్టర్ దించితే పని అక్కడే ఉండిపోయేది. మేనేజరు ఇంటికి కబురు పెట్టాలంటే అటెండరు సైకిలేసుకుని రావాలి, అంత అవసరం ఏడాదికోసారి కూడా వచ్చేది కాదు. ఇప్పుడు మా అబ్బాయి అన్నం తింటూ ఫోన్ చూస్తాడు, ఆ చేత్తోనే "ఓకే సార్" అని కొడతాడు. పటమట అమ్మాయీ, మీ కాలేజీ వాళ్ళది వాట్సాప్ గ్రూపు ఉందా?

పటమట_ఫిజిక్స్
ఒకటా బాబాయ్‌గారూ! సెక్షన్ గ్రూపు, సబ్జెక్టు గ్రూపు, పేరెంట్స్ గ్రూపు, అడ్మిషన్ల గ్రూపు, డీన్‌గారి "మోటివేషన్" గ్రూపు వేరే. రాత్రి పదకొండుకి "టుడే కాల్స్ అప్‌డేట్ చెయ్యండి" అని వస్తుంది.

లెడ్జర్_బాబాయ్
పదకొండుకా? మా రోజుల్లో ఆ టైముకి తలుపు కొడితే ఎవరో పోయారనుకునేవాళ్ళం.

రాత్రిడ్యూటీ_గుంటూరు
షిఫ్టుల్లో ఉన్నవాళ్ళకి నాలుగు మాటలు, మా సీనియర్ సిస్టర్ నేర్పినవి. నైట్ ముగించి ఇంటికెళ్ళేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి, ఎండ కళ్ళలో పడితే ఒళ్ళు పగలనుకుంటుంది. కిటికీకి పాత నల్లచీర కట్టినా చాలు, ఖరీదైన కర్టెన్లు అక్కర్లేదు. టీ డ్యూటీ మొదటి సగంలోనే తాగాలి. తిరిగి వచ్చేటప్పుడు కళ్ళు మూసుకుపోతుంటే బండి పక్కన ఆపి పది నిమిషాలు కునుకు తీయండి, ఇంటికి పావుగంట ఆలస్యమైనా పర్లేదు. మా స్నేహితురాలు ఒకామె ఆపలేదు, మంగళగిరి దగ్గర డివైడర్ ఎక్కింది. కాలు విరగడంతో సరిపోయింది, ప్రాణం దక్కింది.

డాక్టరమ్మ_బ్రాడీపేట
సిస్టర్ చెప్పినవన్నీ సరైనవే. టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీ రాత్రి పదకొండుకి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. తర్వాత "నిద్ర పట్టట్లేదు డాక్టర్" అని నా దగ్గరికొస్తారు.

వన్‌టౌన్_చీరలకొట్టు
కాఫీ మానేస్తా గానీ ఈ ఎండల్లో నిద్ర ఎలా పడుతుందో చెప్పండి. వన్‌టౌన్ సందుల్లో రాత్రి పన్నెండుకి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. సరిగ్గా కన్ను అంటుకునేసరికి కరెంటు పోతుంది, దోమలకి అదే పండగ.

ఆటోనగర్_అన్న
డాబా మీద సాయంత్రమే నీళ్ళు చల్లు, పడుకునే ముందు చన్నీళ్ళ స్నానం చెయ్యి. రోహిణి కార్తెలో దేవుడు కూడా నిద్రపోడు, అది వేరే విషయం.

బెంజ్‌సర్కిల్_బాధితుడు
కరకట్ట మీద మంతెనవారి ప్రకృతి వైద్య ఆశ్రమానికి పోయి వారం ఉండి రావచ్చుగా? నది, చెట్లు, ఫోన్ గోల తక్కువ.

కృష్ణలంక_కోడలు
వారం ఉండి రావడానికి ముందు, ఇక్కడ నా వారం ఎవరు చేస్తారో చెప్పు. పైగా ఉప్పు లేని కూర. గోంగూర లేకుండా నేను తేరుకోను బాబూ.

అజ్ఞాత_0
ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. డాక్టరుగారు ఏదీ రుచించకపోవడం అని రాశారు కదా, నాకు అదే. కొట్టు నష్టాల్లో ఉంది, ఇంట్లో తెలియదు. రాత్రి పడుకునేటప్పుడు తెల్లారకపోతే బాగుండు అనిపిస్తుంది. ఇది కూడా అలసటేనా?

డాక్టరమ్మ_బ్రాడీపేట
రాసి మంచి పని చేశారు. దీన్ని అలసట అని వదిలెయ్యొద్దు. ఇప్పుడే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ-మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం పెట్టింది, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన గట్టిపడుతున్నా, ఏదైనా చేసుకుంటానేమో అనిపించినా ఫోన్‌తో ఆగకుండా దగ్గర్లో ఏ ఆస్పత్రి ఎమర్జెన్సీకైనా వెళ్ళండి. ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, నష్టం సంగతి తర్వాత చెప్పొచ్చు, ఇది ముందు.

ఆటోనగర్_అన్న
తమ్ముడూ, నేను మెసేజ్ పెట్టా, నంబరిచ్చా. ఎన్నింటికైనా చెయ్యి. కొట్టు లెక్కలు నాకూ తెలుసు, రెండుసార్లు మునిగి లేచినవాణ్ని.

అజ్ఞాత_0
చేశాను. చాలాసేపు మాట్లాడారు. గుంటూరు పెద్దాస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళమన్నారు, వెళ్తాను. అన్నా, మీకు కూడా చేస్తా.

యార్డు_గుమస్తా
మా యార్డుకి ఏటా మే రెండో వారం దగ్గర్నుంచి దాదాపు నెల వేసవి సెలవులు. ఎండకి బస్తాలు మొయ్యడం కష్టమని మొత్తం మూసేస్తారు. ఇన్నేళ్ళలో గమనించిందేంటంటే, మొదటి వారం ఏం బాగుండదు. తలనొప్పి, చిరాకు, ఊరికే జ్వరం. పనిలో ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు ఓర్చుకుని, ఆగగానే ఒక్కసారిగా పడేస్తుందేమో. రెండో వారం నుంచి మనిషిలో పడతా. మీ ఉగాది ఒక్క రోజుతో ఏం తేలుతుంది మేడమ్? ఒక్కరోజు పడుకుని "నాకు తగ్గట్లేదు" అనుకోవడం తొందరపాటు.

నిప్పులాంటి_నిజం
యార్డు మొత్తం మూస్తారు కాబట్టి నీకు సెలవు దక్కింది. అందరికీ ఒకేసారి ఇస్తేనే సెలవు. ఒక్కడే అడిగితే నేరం. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే, నడక, హార్మోనియం అంటూ తప్పంతా అలసినవాడి మీదకే తోస్తారు.

అమెరికా_టైమ్
ఈ ముక్క ఒప్పుకుంటా. కానీ యాజమాన్యం మారేదాకా ఆవిడ ఏం చెయ్యాలి?

నిప్పులాంటి_నిజం
గుమస్తా చెప్పాడుగా, ముఠా. స్టాఫ్‌రూమ్‌లో ఫిజిక్స్ వాళ్ళు నలుగురూ కలిసి వెళ్ళి అడగాలి. ఒక్కరు వెళ్తే రేపటినుంచి రావద్దంటారు, నలుగురినీ ఏప్రిల్‌లో పంపించేసే ధైర్యం ఏ ప్రిన్సిపాల్‌కీ ఉండదు.

రాత్రిడ్యూటీ_గుంటూరు
మొదటిసారి నిజంగారు పనికొచ్చే మాట చెప్పారు 😄

పటమట_ఫిజిక్స్
చాలా రోజులకి వచ్చాను. డాక్టరమ్మగారు రాసిన పరీక్షలు చేయించా. హిమోగ్లోబిన్ 8.4, ఫెరిటిన్ అట్టడుగున ఉంది, థైరాయిడ్ బాగానే ఉంది. ఫ్యామిలీ డాక్టరు ఐరన్ మొదలుపెట్టారు, గైనకాలజిస్టుకి కూడా చూపించుకోమన్నారు. రిపోర్టు చూశాక మావారు మొహం మార్చారు. నేను నోటితో చెప్తే నమ్మనిది కాగితం మీద అంకె చెప్తే నమ్మారు, దానికి కాస్త కోపం వచ్చిందనుకోండి.

కాలేజీలో నిజంగారు చెప్పినట్టే చేశాం. ముగ్గురమే కుదిరాం, నాలుగోఆయనకి భయం. జీతం పెంచమని అడగలేదు, ఆదివారం ఇన్విజిలేషన్ వంతులవారీగా వెయ్యమన్నాం. ప్రిన్సిపాల్ ముందు గయ్యిమన్నారు, తర్వాత ఆదివారం విడిచి ఆదివారానికి ఒప్పుకున్నారు. అడ్మిషన్ల టార్గెట్ మాత్రం ఇంచు కూడా తగ్గించలేదు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టేస్తున్నా, గ్రూపులో నా మౌనం గురించి ఒకసారి అడిగారు, "పొద్దున్నే చూస్తాను సార్" అన్నా. ఏం కాలేదు.

ఇంట్లో రాత్రి వంట మానేశా. అన్నం కుక్కర్లో పడేస్తారు మావారు, కూరలు కర్రీ పాయింట్ నుంచి. మా అత్తగారు మొదటిరోజు పప్పు వాసన చూసి పక్కకి జరిపారు. ఇప్పుడు "ఆ దొండకాయ వేపుడు తెమ్మను" అంటున్నారు.

పూర్తిగా తగ్గిందా అంటే లేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇంకా కాళ్ళు లాగుతాయి. కానీ మొన్న ఒకమ్మాయి రొటేషన్‌లో డౌట్ అడిగితే బోర్డు మీద రెండు రకాలుగా చేసి చూపించా, బెల్ కొట్టింది కూడా తెలియలేదు.

డాక్టరమ్మ_బ్రాడీపేట
8.4తో క్లాసు చెప్పి, ఎండలో అడ్మిషన్లకి తిరిగారా! ఐరన్ మాత్రకీ టీ కాఫీలకీ మధ్య కనీసం గంటైనా ఎడం ఉంచండి, నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే ఇంకా మంచిది. ఒంట్లో బాగుందని మధ్యలో ఆపొద్దు. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు వాడాల్సి ఉంటుంది, మీ డాక్టరు చెప్పినట్టు చెయ్యండి. మలం నల్లగా వస్తే మాత్ర వల్లే, కంగారుపడకండి. మలబద్ధకం వస్తే చెప్పండి, మందు మారుస్తారు.

లెడ్జర్_బాబాయ్
చూశారా, రక్తం! నేను ముందే అన్నా, ఈ బర్నవుట్ అదీ ఏం లేదని.

కృష్ణలంక_కోడలు
మీరన్నది నడవమని బాబాయ్, రక్తమని కాదు. పైకి వెళ్ళి చదవండి.

డాక్టరమ్మ_బ్రాడీపేట
రెండూ ఉండొచ్చు బాబాయ్‌గారూ. మందులతో రక్తం పెంచి మళ్ళీ అదే పదిహేను గంటల పనిలోకి తోస్తే మళ్ళీ ఇక్కడికే వస్తారు. ఆవిడకి ఐరన్ ఎంత పనిచేసిందో ఆ ఆదివారం కూడా అంత పనిచేసింది.

కృష్ణలంక_కోడలు
పటమట మేడమ్ అప్‌డేట్ మా ఆయనకి చదివి వినిపించా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి "అమ్మని నెలకో వారం నువ్వు చూసుకో" అన్నారు. ఆవిడ సరేననలేదు, కాదనలేదు. ఈలోగా రాత్రి మందులు ఆయనే ఇస్తున్నారు, అలారం మోగితే నేనే లేపాల్సి వస్తోంది గానీ లేచాక నేను పడుకోవచ్చు. మొన్న ఒక రాత్రి తెల్లారేదాకా పడుకున్నా, లేచాక టైము చూసి కంగారుపడ్డా, అత్తగారికేమైనా అయిందేమోనని.

వన్‌టౌన్_చీరలకొట్టు
అక్కా, ఆడపడుచు సరేననేదాకా వదలకండి. శ్రావణమాసం వచ్చిందంటే పెళ్ళిళ్ళు, వ్రతాలు, ఎవరూ దొరకరు. మా కొట్లో అయితే ఆ నెల నీళ్ళు తాగడానికి కూడా తీరిక ఉండదు, ఇప్పుడే మా ఓనరుని మంగళవారం పూట సెలవు అడిగి పెట్టుకున్నా.

రాత్రిడ్యూటీ_గుంటూరు
ఇచ్చాడా?

వన్‌టౌన్_చీరలకొట్టు
"చూద్దాం" అన్నాడు. కొట్లో ఐదుగురం ఉన్నాం, అందరం కలిసి మళ్ళీ అడుగుతాం.

బెంజ్‌సర్కిల్_బాధితుడు
అంతా బాగానే ఉంది, ఆ దొండకాయ వేపుడు ఏ కర్రీ పాయింట్‌లోదో చెప్పండి ముందు.

పటమట_ఫిజిక్స్
చెప్పను. ఇప్పటికే ఏడున్నర దాటితే అయిపోతోంది.